ఆ బాక్స్‌లో టిక్ పెట్టాలా, వదిలేయాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటున్నాం. అమెరికా వచ్చి 14 ఏళ్ళయింది. నేను హెచ్-1బీ మీద ఉన్నాను, గ్రీన్ కార్డు లైన్లో ఉంది. మూడేళ్ళ పిల్లగా మాతో వచ్చిన మా అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి. కాలేజీలకి అప్లికేషన్లు పెడుతున్నాం. డబ్బు కట్టి ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాం. జాతి అడిగే చోట ఏషియన్ అని టిక్ పెట్టొద్దు, ఖాళీగా వదిలేయండి అంటున్నాడు. కూచిపూడి తీసేయమన్నాడు, అమ్మమ్మ మీద రాసిన ఎస్సే మార్చమన్నాడు. మరీ ఇండియన్‌గా కనిపిస్తోందట. అమ్మాయి ససేమిరా అంటోంది.

నా బాధ ఇంకొకటి. 1998లో ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చినా, ఓసీని కావడంతో అనుకున్న కాలేజీ రాలేదు. దేశం మారినా ఇదే గోలా అనిపిస్తోంది. మొన్న భోజనాల దగ్గర మా అమ్మాయి స్నేహితురాలి మాట వచ్చింది. నల్లజాతి పిల్ల, ఏడాది పెద్ద. పోయినేడు మంచి కాలేజీలో సీటు వచ్చింది. "వాళ్ళకి కేటగిరీ ఉంది, నీకు లేదు" అన్నాను. అంతే, కంచం ముందు నుంచి లేచిపోయింది. పది రోజులైంది, నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బాక్స్‌లో ఏం పెట్టమంటారు? ఎస్సే మార్చాలా? అందులో రెండు పేరాలు పంపుతున్నాను, చూడండి.
— ఒక తండ్రి

జవాబు: నమస్తే అండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయి రాసిన పేరాలైతే నాలుగుసార్లు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను, ముందు బాక్స్ సంగతి చూద్దాం.

ఏషియన్ అని టిక్ పెట్టొచ్చు, ఖాళీగా వదిలేయనూవచ్చు. అది తప్పనిసరిగా నింపాల్సిన ప్రశ్న కాదు. లేనిది ఉన్నట్టు మాత్రం పెట్టకూడదు. రాసినదంతా నిజమేనని చివర్లో పిల్లలే సంతకం చేస్తారు, అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు. పెట్టాలా వదిలేయాలా అన్నది మీ అమ్మాయినే తేల్చుకోనివ్వండి. మీరు భయపడుతున్నంత బలం ఆ బాక్స్‌కి ఇప్పుడు లేదు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసులో తీర్పు ఇచ్చింది. విద్యార్థి ఏ జాతి అన్నది చూసి సీటు ఇవ్వడం, ఇవ్వకపోవడం రాజ్యాంగానికీ, పౌరహక్కుల చట్టానికీ విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత కామన్ యాప్ (ఒకే అప్లికేషన్‌ని చాలా కాలేజీలకి పంపించే వెబ్‌సైటు) వాళ్ళు, పిల్లలు ఆ బాక్స్‌లో ఏం పెట్టారో తమకు కనపడకుండా దాచేసుకునే వీలు కాలేజీలకి ఇచ్చారు. దాచుకోకపోయినా దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

అలాగని మీ కన్సల్టెంట్ మాట గాల్లోంచి పుట్టింది కాదు. 2014లో వేసిన ఆ హార్వర్డ్ కేసు విచారణలో కాలేజీ లోపలి లెక్కలు బయటికొచ్చాయి. ఏషియన్ పిల్లలు చదువులో, వ్యాపకాల్లో ముందున్నారు. పర్సనల్ రేటింగ్ అనే చోటికి వచ్చేసరికి మాత్రం వెనకబడ్డారు. ధైర్యం, దయ, కలివిడితనం లాంటివాటికి వేసే మార్కులు అవి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు ఏషియన్లకీ తెల్లవాళ్ళకీ ఇంచుమించు ఒకేలా వేశారు. ముఖం చూడకుండా కాగితాలు చదివిన ఆఫీసులోనేమో మార్కులు తగ్గాయి. కావాలని వివక్ష చూపినట్టు రుజువు కాలేదని 2019లో కింది కోర్టు జడ్జి అన్నారు, సుప్రీంకోర్టులో మాత్రం హార్వర్డ్ ఓడిపోయింది. ఆ లెక్కలు పేపర్లో చదివిన రోజు నాకు కడుపు మండిపోయింది. మన పిల్లలకి దయ తక్కువని ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు?

ఆ మంటలో నేనూ మీ దారే పట్టాను. 2015లో మా పెద్దవాడు అప్లికేషన్లు పెడుతున్నప్పుడు, ఒక గృహప్రవేశంలో నలుగురు తల్లులు చెప్పిన మాట పట్టుకుని వాడి చేత ఆ బాక్స్ ఖాళీగా వదిలించాను. అక్కడితో ఆగలేదు. మృదంగం కూడా తీయించేశాను. వాడు తొమ్మిదేళ్ళు నేర్చుకున్నాడు. రాత్రి పదకొండింటప్పుడు, కిచెన్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "అమ్మా, మరి తొమ్మిదేళ్ళు శనివారాలన్నీ ఏం చేశానని రాయను?" అన్నాడు. టెన్నిస్ రాయి అన్నాను. రాశాడు. సీటు మా రాష్ట్రంలోని కాలేజీలోనే వచ్చింది, బాగానే చదువుకున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ మృదంగం మాత్రం ఇప్పటికీ మా బేస్‌మెంట్‌లో గుడ్డ కప్పి ఉంది. వాడు మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. అది నా వల్లే జరిగిందని నాకు తెలుసు.

అంత చేసి నేను దాచింది కూడా ఏమీ లేదండీ. ఆ అప్లికేషన్ ఒకసారి మొత్తం తిప్పి చూడండి. మొదటి పేజీలోనే పేరు, ఇంటిపేరు. ఇంకొంచెం కిందకెళ్తే ఏయే భాషలు వచ్చు, ఇంట్లో ఏది మాట్లాడతారు అని అడుగుతారు. అక్కడ తెలుగు ఉంటుంది. తల్లిదండ్రులు ఏ కాలేజీలో చదివారంటారు, అక్కడ ఆంధ్రా యూనివర్సిటీయో, ఉస్మానియానో, జేఎన్‌టీయూనో ఉంటుంది. ఇన్ని చోట్ల కనపడే మనిషిని ఒక్క టిక్ తీసేసి ఎలా దాచిపెడతాం?

అసలు ఈ ఏషియన్ అనే మాట మనకి ఎలా అంటుకుందో తెలిస్తే, మీకు ఆ బాక్స్ మీదున్న భయం కొంత తగ్గుతుందేమో. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు తానూ తెల్లవాడి కిందే లెక్క అని పౌరసత్వం కోసం పోరాడితే, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తెల్లవాడంటే మామూలు జనం ఎవరిని అనుకుంటారో వాళ్ళే, నువ్వు కాదు అని కోర్టు పంపించేసింది. మన వాళ్ళు ఇక్కడ పౌరులయ్యే వీలు 1946 దాకా రాలేదు. అదే మన వాళ్ళని 1970 జనాభా లెక్కల్లో తెల్లవాళ్ళలో కలిపి రాసుకున్నారు! అలా అయితే మాకు జరిగే అన్యాయం లెక్కల్లోకి రాదని ఇక్కడి భారతీయ సంఘం వాళ్ళు పట్టుబట్టాక, 1980 లెక్కల్లో ఏషియన్ ఇండియన్ అనే గడి వచ్చింది. అరవై ఏళ్ళలో మనం ముందు తెల్లవాళ్ళం కాకుండా పోయాం, తర్వాత తెల్లవాళ్ళమయ్యాం, ఆ తర్వాత ఏషియన్లమయ్యాం. ఒంటి రంగేమో అదే. ఇప్పుడు ఆ ఒక్క గడిలోనే మీ అమ్మాయీ ఉంది, లావోస్ నుంచి శరణార్థిగా వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబంలో పిల్లా ఉంది, న్యూయార్క్‌లో టాక్సీ తోలే బంగ్లాదేశీ కూతురూ ఉంది. ఇంతమందిని ఒకే మూటలో కట్టేస్తే ఎవరి గురించి ఏం తెలుస్తుందని తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ కూడా అడిగారు. నాకు ఆ తీర్పులో కొన్ని నచ్చలేదు గానీ, ఆ మాట నిజం.

మరి తీర్పు వచ్చాక మన పిల్లలకి తలుపులు తెరుచుకున్నాయా? 2024లో చేరిన మొదటి బ్యాచ్ చూడండి. ఎమ్‌ఐటీలో ఏషియన్లు దాదాపు 40 శాతం నుంచి 47 శాతానికి పెరిగారు. హార్వర్డ్‌లో 37 దగ్గరే ఉండిపోయారు. యేల్‌లో 30 నుంచి 24కి తగ్గారు. ప్రిన్స్‌టన్‌లోనూ కొంచెం తగ్గారు. బాక్స్ ఖాళీగా వదిలేసినవాళ్ళు పెరిగారు కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని పెద్ద లెక్కలు వేయలేం. కానీ ఒకటి మాత్రం కనిపిస్తోంది కదా, మన పిల్లల్ని ఆపుతున్నది ఆ బాక్స్ ఒక్కటే అయ్యుంటే అది పోగానే అన్ని చోట్లా ఒకేలా పెరగాలి. కాలిఫోర్నియాలో 1996లోనే జనం ఓటేసి ప్రభుత్వ యూనివర్సిటీల్లో జాతి చూడటం ఆపించారు. అయినా బర్కిలీలో కంప్యూటర్ సైన్స్ రాలేదని ఏడ్చే తెలుగు ఇళ్ళు ప్రతి ఏడూ ఉంటూనే ఉన్నాయి.

ఇప్పుడు ఎంసెట్ దగ్గరికి వస్తాను. 1998లో మీకు తగిలిన దెబ్బ చిన్నదని నేను అనను. కానీ ఆ చశ్మాతో ఇక్కడి అడ్మిషన్లని చూస్తే అన్నీ తప్పుగానే కనిపిస్తాయి. మన దగ్గర ర్యాంకు ఉంటుంది, కులం సర్టిఫికెట్ ఉంటుంది, ఎవరికి ఎంత శాతమో జీవోలో ఉంటుంది. ఏ ర్యాంకు దగ్గర ఏ కేటగిరీ ఆగిందో మర్నాటికి అందరికీ తెలుస్తుంది. ఇక్కడ ర్యాంకూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. కోటా ఎప్పుడో పోయింది. కాలిఫోర్నియాలో ఒక మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 విడిగా పెట్టుకుంటే, అది కుదరదని 1978లోనే కోర్టు కొట్టేసింది. మిషిగన్‌లో జాతిని బట్టి 150 పాయింట్లలో 20 ఊరికే కలిపే పద్ధతిని 2003లో కొట్టేసింది. ఆ తర్వాత 2023 దాకా మిగిలింది ఏమిటంటే, నలుగురు కూర్చుని పిల్ల ఫైలు మొత్తం చదువుతూ, జాతిని కూడా అందులో ఒక విషయంగా చూడటం. అది కూడా ఇప్పుడు లేదు. మీ సీటు, మీ ర్యాంకు, మీ ఓసీ, అవన్నీ మీ బాధ. దాన్ని మోయమని అమ్మాయి నెత్తిన పెట్టకండి. ఆ పిల్లకి ఎంసెట్ అంటే ఏమిటో కూడా తెలియదు.

ఆ స్నేహితురాలి విషయం మీరు ఉత్తరంలో రెండు ముక్కల్లో రాశారు గానీ, నాకు మొత్తం ఉత్తరంలో అదే పెద్దగా కనిపించింది. ఒకసారి తేదీలు చూడండి. ఆ అమ్మాయికి సీటొచ్చింది పోయినేడు. తీర్పు 2023లో. అంటే ఆ పిల్ల అప్లికేషన్ పెట్టేనాటికి మీరన్న కేటగిరీ చట్టంలోనే లేదు. ఆ తీర్పు దెబ్బ గట్టిగా తగిలింది కూడా వాళ్ళకే. ఎమ్‌ఐటీలో నల్లజాతి పిల్లలు 13 శాతం ఉండేవాళ్ళు, ఒక్క ఏడాదిలో 5 శాతానికి పడిపోయారు. ఆమ్‌హర్స్ట్‌లో 11 నుంచి 3కి. అలాంటి ఏడాదుల్లో సీటు తెచ్చుకున్న పిల్లని పట్టుకుని మీరు ఆ మాట అన్నారు. ఆ పిల్ల ఎంత కష్టపడిందో మీ అమ్మాయి దగ్గరుండి చూసి ఉంటుంది. అందుకే కంచం ముందు నుంచి లేచింది. అన్నం ముందు నుంచి లేచేంత కోపం పిల్లలకి ఊరికే రాదు.

సీటు ఎవరు పట్టుకుపోయారో లెక్క తీయాల్సిందే అనుకుంటే, అదే హార్వర్డ్ కేసు కాగితాల్లో ఇంకో లెక్క ఉంది. అక్కడ చదివినవాళ్ళ పిల్లలు, ఆటల కోసం కోచ్‌లు ఎంచుకున్నవాళ్ళు, విరాళాలిచ్చేవాళ్ళ తాలూకు పిల్లలతో ఉండే డీన్ జాబితావాళ్ళు, అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలు. సీటొచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతానికి పైగా ఈ దారుల్లో వచ్చినవాళ్ళే. ఏషియన్లలో, నల్లజాతివాళ్ళలో, హిస్పానిక్ పిల్లల్లో ఇది 16 శాతం లోపే. మన ఇళ్ళల్లో భోజనాల దగ్గర ఈ 43 గురించి ఎవరూ మాట్లాడరు. ఎప్పుడూ ఆ ఒక్క స్నేహితురాలి పేరే వస్తుంది. నాకు చాలా బాధగా ఉంటుందండీ. మనం ఈ దేశంలో అడుగుపెట్టగలిగింది 1965 వలస చట్టం వల్ల. అంతకు ముందు ఏడాదే, 1964లో, పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లజాతివాళ్ళు రోడ్ల మీద లాఠీదెబ్బలు తిని తెచ్చుకున్న గాలి అది. ఆ గాలికే మన తలుపు కూడా తెరుచుకుంది. గుంటూరు నుంచి, విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి డాక్టర్లు వరసగా విమానం ఎక్కింది ఆ తర్వాతే.

ఈ టెన్షన్‌లో మీరు అసలు అడగని ప్రశ్న ఒకటుంది. మీ అమ్మాయి హెచ్-4 మీద, అంటే మీ హెచ్-1బీ మీద ఆధారపడ్డ వీసా మీద ఉంది కదా? అయితే మీరు ఇంత మథనపడుతున్న ఏషియన్ శాతంలో తను రాదు. కాలేజీలు కేంద్ర ప్రభుత్వానికి పంపే లెక్కల్లో పౌరులు కానివాళ్ళని, గ్రీన్ కార్డు లేనివాళ్ళని, ఏ జాతైనా సరే, నాన్ రెసిడెంట్ అని విడిగా రాస్తారు. మూడేళ్ళ వయసు నుంచి టెక్సస్‌లో పెరిగిన పిల్లని చాలా ప్రైవేటు కాలేజీలు విదేశీ విద్యార్థి కిందే చూస్తాయి. ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హత లేదు. విదేశీ విద్యార్థులైతే ఫీజు కట్టే స్తోమత చూసి మరీ సీటిచ్చే కాలేజీలు చాలా ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్‌ఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం విదేశీ పిల్లల విషయంలోనూ అది చూడవు. 21 నిండేసరికి గ్రీన్ కార్డు చేతికి రాకపోతే హెచ్-4 పోతుంది, ఎఫ్-1కి, అంటే విద్యార్థి వీసాకి మారాలి.

దీని వెనకున్నది కూడా ఒక గడే. పుట్టిన దేశం అనే గడి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతం దాటకూడదన్న నిబంధన వల్లే మీరు ఇన్నేళ్ళుగా లైన్లో ఉన్నారు. మీ అమ్మాయికి నిజంగా అడ్డం పడేది ఇదే. అందుకని ఈ వారంలో కన్సల్టెంట్‌తో మాట్లాడే గంటని ఇటు తిప్పండి. అప్లికేషన్ పెట్టే ప్రతి కాలేజీకీ ఒక మెయిల్ పెట్టి, హెచ్-4 మీదున్న పిల్లని మీరు ఎలా చూస్తారు, ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) వర్తిస్తుందా, సాయం ఏమైనా ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పింది పట్టుకోకండి. ఇమిగ్రేషన్ లాయర్‌ని, గ్రీన్ కార్డు కోసం పిల్ల వయసు ఏ తేదీ నాటికి లెక్కపెడతారో అడిగి తెలుసుకోండి.

టెక్సస్ విషయం ఇంకొక్కటి. యూటీ ఆస్టిన్ క్లాసు ర్యాంకు చూసి నేరుగా సీటిచ్చే గీత 2026లో చేరేవాళ్ళ నుంచి 6 శాతం కాదు, 5 శాతం. సీటొచ్చినా కోరిన బ్రాంచి వస్తుందన్న హామీ లేదు. మీ ఊరి స్కూళ్ళలో పక్క బెంచీలన్నీ మన పిల్లలే కాబట్టి ఆ అర శాతం, ఒక శాతం దగ్గరే కిందా మీదా అవుతుంది. రెండు మూడు మామూలు కాలేజీలకి కూడా అప్లికేషన్లు పెట్టించండి.

ఇక ఎస్సే. మీరు పంపిన పేరాల్లో ఏముందో మీరు ఒక్కసారైనా నిదానంగా చదివారా? తెనాలిలో అమ్మమ్మకి శుక్లం ఆపరేషన్ అయి కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుంటే, కరెంటు బిల్లు చదివి పెట్టమందట. ఈ పిల్లకి వచ్చింది మనబడిలో, అదే ఇక్కడి తెలుగు బడిలో, నేర్చుకున్న తెలుగు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. సర్‌ఛార్జీ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆవిడకీ దాని అర్థం తెలియదు. ఇద్దరూ కలిసి కరెంటాఫీసుకి నడిచి వెళ్ళారు. కౌంటర్లో అతను చెప్పింది విని, "నలభై ఏళ్ళుగా కడుతున్నానే, ఒక్కరూ చెప్పలేదు" అందట అమ్మమ్మ. తిరిగొచ్చాక మీ అమ్మాయి డాలస్‌లో గుడి దగ్గర శనివారాలు పెద్దవాళ్ళకి ఆసుపత్రి ఫారాలు చదివి పెడుతోంది. పంపినవి రెండు పేరాలే, వాటిలో ఇంత ఉంది. అమ్మమ్మని తీసేస్తే ఇందులో ఏం మిగులుతుంది చెప్పండి?

కన్సల్టెంట్ భయపడే అమ్మమ్మ ఎస్సేలు ఉంటాయి, నాకూ తెలుసు. ఆవకాయ ఘాటు, పట్టుచీర, రెండు సంస్కృతుల మధ్య నలిగిపోయాను అని రాసేవి. అవి ఎవరి పేరు పెట్టినా సరిపోతాయి. ఇది అలాంటిది కాదు. ఆ సర్‌ఛార్జీ దగ్గర ఆగిపోవడం మీ అమ్మాయి ఒక్కదానికే జరిగింది. తీర్పులో కూడా, జాతి తన బతుకుని ఎలా తాకిందో విద్యార్థి రాసుకుంటే దాన్ని చదవడానికి కాలేజీలకి అడ్డేమీ లేదని స్పష్టంగా ఉంది. చూడాల్సింది ఆ అనుభవంలో కనిపించే ధైర్యం, పట్టుదల. ఏ గుంపు మనిషి అన్నది కాదు. మీ అమ్మాయి ఎస్సే సరిగ్గా అలాగే ఉంది. చివరి పేరాలో "ప్రపంచాన్ని మార్చాలి" అన్న వాక్యం ఒకటి ఉంది, అదొక్కటి తీసేయమనండి. కన్సల్టెంట్ కలిపిన వాక్యంలా ఉంది. కూచిపూడి ఎన్నేళ్ళు నేర్చుకుందో అన్నేళ్ళూ ఉన్నదున్నట్టు రాయమనండి.

మీ ఇద్దరి మధ్య మాట కలవడానికి తనకి నచ్చజెప్పాల్సిన పని లేదు. "ఆ రోజు నేను అన్నది తప్పు, నాకు తెలియక అన్నాను" అని ఒక్క మాట చెప్పండి. కారులో స్కూలుకి దింపేటప్పుడు చెప్పండి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్తే ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. ఆ స్నేహితురాలు థాంక్స్‌గివింగ్‌కి ఊరొస్తే ఇంటికి భోజనానికి పిలవమనండి. కిందటేడు ఇదంతా దాటి వెళ్ళిన పిల్ల, మీ అమ్మాయికి మీ కన్సల్టెంట్ కంటే ఎక్కువే చెప్పగలదు.

ముందస్తు అప్లికేషన్ల గడువు, నవంబరు 1, దగ్గర పడుతోంది కాబట్టి మెయిళ్ళు రేపే పెట్టండి. ఎస్సే పంపే ముందు రోజు రాత్రి తెనాలికి వీడియో కాల్ చేసి, ఆ కరెంటు బిల్లు పేరాని అమ్మమ్మకి తెలుగులో చెప్పి వినిపించమనండి. కౌంటర్లో అతను ఇంకేమన్నాడో ఆవిడకి గుర్తుండి ఉంటుంది.